కానుకలకు గుడ్డ సంచులు: కొలత, కుట్టు

ప్రశ్న (సీతమ్మధార, విశాఖపట్నం): పుట్టినరోజు వేడుక ముగిసేసరికి చింపిన మెరుపు కాగితాలు గదినిండా పేరుకుపోతున్నందున, పేరంటాలలో వచ్చిన జాకెట్టు ముక్కలతో కానుక సంచులు కుట్టాలనుకుంటున్నాను. 20 సెంటీమీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల మందం ఉన్న పెట్టెకు గుడ్డ ఎంత కావాలి? అంచుల దారాలు ఊడకుండా ఏం చేయాలి?

జవాబు (గాజువాక): వెడల్పు, మందం కలిపితే 30, వదులుకు 2, కుట్టుకు 3 చేర్చి 35 సెంటీమీటర్ల వెడల్పున రెండు ముక్కలు తీసుకోండి. పొడవుకు పెట్టె ఎత్తు, మందం, ఆపైన మూతి ముడతకు మరో 12 చాలు. నూలు గుడ్డను ముందే తడిపి ఆరబెట్టండి. తడపకుండా నేను కుట్టిన తొలి సంచి ఒక్క ఉతుకుకే కుంచించుకుపోయి, కొలిచి కుట్టిన పెట్టెకే పట్టలేదు. అద్దకం బయటికి కనబడేలా ముక్కలను జతచేసి ఒక కుట్టు వేసి, మిగులును సన్నగా కత్తిరించి, తిరగేసి రెండో కుట్టు వేస్తే దారాలు లోపలే ఉండిపోతాయి.

జవాబు (భీమునిపట్నం): నాడాలు రెండు పెట్టి, ఒక్కొక్కదాన్ని ఎదురెదురు వైపుల నుంచి పిన్నీసుతో దూర్చితే మూతి సమంగా బిగుస్తుంది. పొందూరు ఖద్దరు ముక్క దొరికితే మరీ మంచిది. సంచి తిరిగి వస్తుందని మాత్రం ఎదురుచూడకండి. నేనిచ్చిన దానిలో మా వదినగారు చింతపండు నిల్వ చేసుకుంటున్నారు.