కంపెనీ అసలు యజమాని ఎవరో ప్రభుత్వానికి చెప్పి తీరాలా?

హైదరాబాద్ సీఎస్:
నేను కంపెనీ సెక్రటరీని (సీఎస్). అమెరికాలో చిన్న కంపెనీలన్నీ తమ అసలు యజమానుల పేర్లు ప్రభుత్వానికి ఇవ్వాలన్న చట్టం 2024 జనవరి 1న అమల్లోకి వచ్చింది. 2025 మార్చిలో అక్కడి ట్రెజరీ శాఖే స్వదేశీ కంపెనీలకు దాన్ని ఎత్తేసింది. మన దగ్గరా తీసేయాలని ఈ మధ్య మా క్లయింట్లు అడుగుతున్నారు. నేను ఒప్పుకోను.

మన కంపెనీల చట్టం సెక్షన్ 90, 2018 నాటి నిబంధనలు చెప్పేది ఇంతే. వాటాలు ఎవరి పేరున ఉన్నా, వాటి వెనక 10 శాతం లేదా అంతకు మించి హక్కు ఉన్న మనిషి బెన్-1 ఫారంలో ఆ సంగతి కంపెనీకి చెప్పాలి. కంపెనీ 30 రోజుల్లో బెన్-2 ఫారం వేసి ప్రభుత్వ కంపెనీల రిజిస్ట్రార్‌కు తెలపాలి. 2009లో సత్యం కంప్యూటర్స్ బాగోతం బయటపడ్డాక, దాని అధిపతి రామలింగరాజు కుటుంబం చుట్టూ 300కు పైగా కంపెనీలు ఉన్నాయని, వాటి పేరున భూములు కొన్నారని దర్యాప్తులో తేలింది. ఎవరి డబ్బు ఎటు పోయిందో తేల్చడానికి ఏళ్లు పట్టింది. ఈ వివరాలు ముందే ఒకచోట ఉండి ఉంటే అంతకాలం పట్టేది కాదు.

డాలస్ నుంచి:
సార్, ఆ చట్టం వచ్చినప్పుడు ఇక్కడ మాకు ఎంత టెన్షనో మీకు తెలియదు. అద్దెకిచ్చిన ఇల్లు ఒక ఎల్‌ఎల్‌సీ (చిన్న లిమిటెడ్ కంపెనీ) పేరున పెట్టుకున్న మామూలు ఉద్యోగులం మేము. పాస్‌పోర్ట్ కాపీ అప్‌లోడ్ చేయాలి, అడ్రస్ మారితే మళ్లీ చెప్పాలి. కావాలని ఎగ్గొడితే రోజుకు 500 డాలర్ల జరిమానా, రెండేళ్ల దాకా జైలు. 20 మందికి పైగా ఫుల్‌టైమ్ ఉద్యోగులు, 50 లక్షల డాలర్లకు మించి ఆదాయం ఉన్న పెద్ద కంపెనీలకేమో మినహాయింపు! పైగా కోర్టులు ఒకసారి ఆపమని, ఇంకోసారి వివరాలు ఇవ్వమని. 2024 డిసెంబరులో గడువు ఉందో లేదో మా అకౌంటెంటే చెప్పలేకపోయాడు.

అసలు ప్రశ్న ఒకటే. నల్లడబ్బు దాచేవాడు ఫారంలో నిజం రాస్తాడా? నిజం రాసేది మాలాంటివాళ్లమే కదా.

ఫ్యాబ్రికేషన్ వర్క్స్, కూకట్‌పల్లి:
నాకు చట్టాలు పెద్దగా తెలియవు. జరిగింది చెప్తాను. ఒక అపార్ట్‌మెంట్ కడుతున్న ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీకి అల్యూమినియం కిటికీలు చేసి బిగించాం. రోజూ సైట్‌కొచ్చి పని చూసింది, రేటు మాట్లాడింది, అడ్వాన్స్ ఇప్పించింది ఒకాయనే. అందరూ ఆయన్నే ఓనర్ అనేవాళ్లు. పదకొండు లక్షల బిల్లు ఆగిపోయాక లాయర్ దగ్గరకెళ్తే, ఆయన కంప్యూటర్లో కంపెనీ వివరాలు తీసి చూపించారు. డైరెక్టర్లు ఇద్దరు. ఒకరు ఆయన కారు డ్రైవర్, ఇంకొకరు ఆఫీసులో టీ ఇచ్చే కుర్రాడు. కాగితం మీద ఆయన పేరు ఎక్కడా లేదు. నోటీసు డ్రైవర్‌కు వెళ్లింది. పాపం అతను మా షాపుకొచ్చి "నాకేం తెలీదన్నా, సంతకం పెట్టమంటే పెట్టా" అన్నాడు.

డాలస్ బ్రదర్ కష్టం నాకు అర్థమవుతుంది. కానీ ఒక ఫారం నింపడానికే అంత కష్టమైతే, ఆ డ్రైవర్ పరిస్థితి ఏంటి?

వైజాగ్ లా స్టూడెంట్:
అన్నా, మీకు జరిగింది అన్యాయమే. కానీ ఆయన పేరు బయటపడినంత మాత్రాన మీ పదకొండు లక్షలు రావు. కంపెనీ అప్పుకు వాటాదారు సొంత ఆస్తి బాధ్యత వహించదు, ప్రైవేట్ లిమిటెడ్ అంటేనే అది. అయితే అప్పులోళ్లను మోసం చేయాలనే కంపెనీ నడిపారని తేలితే, దివాలా చట్టం సెక్షన్ 66 కింద తెలిసి అందులో పాలుపంచుకున్నవాళ్ల చేత సొంతంగా కట్టించవచ్చు. ఆ మనిషి ఎవరో తెలిస్తేనే కదా అది.

హైదరాబాద్ సార్‌కు నాదొక ప్రశ్న. 2024 మేలో లింక్డ్‌ఇన్ ఇండియా కేసులో ఢిల్లీ రిజిస్ట్రార్ సత్య నాదెళ్ల గారినీ, అప్పటి లింక్డ్‌ఇన్ సీఈఓ రోస్లాన్‌స్కీనీ ఆ కంపెనీ వెనకున్న వ్యక్తులుగా తేల్చి చెరో 2 లక్షలు వేశారు. మొత్తం జరిమానా 27 లక్షలు దాటింది. లింక్డ్‌ఇన్ మైక్రోసాఫ్ట్‌దని చిన్నపిల్లలకూ తెలుసు. డ్రైవర్ల పేరున నడిచే కంపెనీలను వదిలేసి అక్కడ శక్తి ఖర్చు పెట్టడం దేనికి?

హైదరాబాద్ సీఎస్:
ఆ ఆర్డర్‌ను తప్పుపట్టలేను. వాటా లేకపోయినా పెత్తనం ఉన్నవాళ్లు ఆ నిర్వచనంలోకి వస్తారు. కానీ మీరన్నది సగం నిజం. అందరికీ తెలిసిన పేరును పట్టుకోవడం తేలిక, దాచిన పేరును పట్టుకోవడమే అసలు పని.

నిబంధనల్లోనే ఒక సందు ఉంది. వాటా ఇంకో కంపెనీ పేరున ఉంటే, ఆ పై కంపెనీలో సగానికి మించి ఉన్న మనిషినే లెక్కలోకి తీసుకుంటారు. ఇద్దరు సరిగ్గా చెరి సగం పెట్టుకుంటే ఆ దారిలో ఇద్దరూ తప్పించుకుంటారు. కలిసే నడుపుతున్నారనో, పెత్తనం వాళ్లదేననో తేలితే తప్ప పట్టుబడరు. ఆ సందు మూయాలి.

"దొంగ నిజం రాస్తాడా" అని డాలస్ మిత్రుడు అడిగారు. రాయడు. కానీ అబద్ధం రాసి సంతకం పెడితే సెక్షన్ 447 కింద మోసం కేసవుతుంది. ఈ చట్టం లేకపోతే అతను ఆ అబద్ధం రాయాల్సిన పనే ఉండదు, ఊరుకుంటే చాలు. బ్రిటన్ 2016లో ఈ రిజిస్టర్ పెట్టింది, జనమంతా చూడొచ్చు కూడా. ఏం రాస్తే అది ఎక్కించుకున్నారు, బోగస్ పేర్లు కుప్పలుగా చేరాయి. చివరికి 2025 నవంబరు నుంచి గుర్తింపు తనిఖీ తప్పనిసరి చేశారు. రిజిస్టర్ ఎత్తేయలేదు, చూడండి. మన రిజిస్ట్రార్ ఆఫీసులు కూడా బెన్-2ను బ్యాంకు కేవైసీతో, పాన్‌తో సరిపోల్చాలి. నేను అడిగేది అదే.

డాలస్ నుంచి:
తనిఖీ నిజంగా జరిగితే నేనూ ఒప్పుకుంటాను. కానీ వివరాలు అందరి ముందూ పెట్టకూడదు. యూరప్ కోర్టే 2022 నవంబరులో జనమంతా చూడటం కుదరదని, వ్యక్తుల గోప్యత దెబ్బతింటుందని తీర్పిచ్చింది. నా ఇంటి అడ్రస్ ఎవడైనా గూగుల్ చేసి తీసుకునేలా ఉంటే మా ఆవిడ నిద్రపోదు.

హైదరాబాద్ సీఎస్:
అడ్రస్ విషయంలో మీతోనే ఉన్నాను. ప్రభుత్వానికి చెప్పడం వేరు, ఊరంతా చూడటం వేరు.

ఫ్యాబ్రికేషన్ వర్క్స్, కూకట్‌పల్లి:
మరి నాలాంటివాడు చూడొచ్చా సార్? బాకీ రావాల్సినవాణ్ని కదా.

హైదరాబాద్ సీఎస్:
కంపెనీ దగ్గరుండే ఆ రిజిస్టర్ చూసే హక్కు చట్టం దాని సభ్యులకే, అంటే వాటాదారులకే ఇచ్చింది. బిల్లు బాకీ రావాల్సినవాళ్లకు కూడా ఇవ్వాలి, ఇది మాత్రం గట్టిగా అడగాలి. దివాలా కేసు మీరు వేయలేరు, 2020 మార్చి నుంచి బాకీ కనీసం కోటి రూపాయలు ఉండాలి. పని తీసుకునే నాటికే మీకు ఉద్యమ్ (చిన్న పరిశ్రమగా) రిజిస్ట్రేషన్ ఉంటే, బాకీల గొడవలు తేల్చే చిన్న పరిశ్రమల ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు వెళ్లండి, అక్కడ వడ్డీతో సహా అడగొచ్చు. రేటు మాట్లాడిన ఆ పెద్దమనిషి వాట్సాప్ మెసేజ్‌లు, అడ్వాన్స్ ఏ ఖాతా నుంచి పడిందో ఆ స్టేట్‌మెంట్ ముందు తీసి పెట్టుకోండి. డ్రైవర్‌ను కూడా కలవండి, అతని మాట రాతపూర్వకంగా దొరికితే ఇంకా మంచిది.