ముహూర్తం పెట్టి బిడ్డను తీస్తే అది జాతకమేనా?

కాజీపేట మామ: మా మేనకోడలికి వచ్చే గురువారం పెద్ద ఆపరేషన్. టైమ్ పంతులుగారు పెట్టారు, డాక్టరమ్మ సరే అన్నది. పుట్టిన గడియను బట్టి జాతకం అని పెద్దలు చెప్పేవారు. ఇప్పుడు జాతకం ముందే ఎంచుకుని, దానికి కుదిరే గడియలో బిడ్డను తీస్తున్నాం. మరి నుదుటి రాత రాసింది బ్రహ్మనా, పంతులుగారా?

హన్మకొండ వాసి: నష్టమేంటన్నా? పెండ్లికి చూస్తాం, బోరు వేయడానికీ చూస్తాం. ఎట్లాగూ ఆపరేషన్ తప్పదన్నప్పుడు అమావాస్య నాడు ఎందుకు? మంచిరోజు చేయిస్తే ఇంట్లో ముసలోళ్లకు నిమ్మళం.

కాజీపేట మామ: ఆ 'తప్పదు' దగ్గరే నా పేచీ. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తం మీద నూటికి 21.5 కాన్పులు ఆపరేషన్లు. తెలంగాణలో 60.7, దేశంలో మనమే ముందు. పక్కనున్న కరీంనగర్ జిల్లాలో 80 దాటింది. ఇంతమందికీ తప్పలేదా? 39 వారాలు నిండకముందే ముహూర్తం కోసం తీస్తే బిడ్డకు ఊపిరి ఇబ్బందులు వచ్చే అవకాశం పెరుగుతుంది. పంచాంగంలో ఆ లెక్క ఉండదు. పోనీ జ్యోతిషం లెక్కే చూద్దాం. లగ్నం సుమారు రెండు గంటలకు మారుతుంది, అందులో తొమ్మిదో వంతైన నవాంశ సుమారు 13 నిమిషాలకే మారుతుంది. పుట్టుక అంటే తల బయటపడడమా, బొడ్డు కోయడమా అన్నది జ్యోతిష్కులకే తేలలేదు. ఇక థియేటర్ గోడ గడియారం ఐదు నిమిషాలు ముందుంటే బిడ్డ గతేంటి?

ములుగు అక్క: అన్నలారా, కనే మనిషిని ఎవరైనా అడిగారా? నాకు రెండూ ఆపరేషన్లే, ఒక్కదానికీ ముహూర్తం పెట్టలేదు. 'నార్మల్ కోసం రాత్రంతా ఎవరు కూర్చుంటారు' అన్నారు ఆసుపత్రిలో. పంతులును తిట్టడం సులువు. తేదీ ఖాయమైతే డాక్టరుకు నిద్ర, అల్లుడికి సెలవు, అత్తగారికి నక్షత్రం. కుట్లు మాత్రం నాకు.

హన్మకొండ వాసి: నొప్పులకు భయపడి ఆడవాళ్లే అడుగుతున్నారు గదా అక్కా?

ములుగు అక్క: అడగరా మరి? తోడుకు తల్లిని కూడా లోపలికి రానియ్యరు, అరిస్తే కసురుతారు. అట్లాంటి చోట నువ్వున్నా అడుగుతావు తమ్ముడూ. సర్వేలో ఆ కాలమ్ లేదు.

కాజీపేట మామ: మేనకోడలికి ఫోన్ చేసి, ఎన్ని వారాలు నిండాయో డాక్టరమ్మను అడగమన్నాను. గురువారానికి 37 అట. బిడ్డ బాగానే ఉంది, తొందరేమీ లేదట, ముహూర్తం కోసమేనట. మా చెల్లె నా మాట వినదు, డాక్టరమ్మ మాటా వినేట్టు లేదు. పంతులుగారికే ఫోన్ చేసి, రెండు వారాల తర్వాత ఇంకా మంచి ముహూర్తం ఉందని చెప్పించాలి.

హన్మకొండ వాసి: దక్షిణ మళ్లీ ఇవ్వాలన్నా.