నిజంగా భయపెట్టిన రోడ్లు, రైలు దారులు: వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి

కొండదారి_కిరణ్
"ప్రపంచంలో టాప్ 10 ప్రమాదకర రోడ్లు" వీడియోలు చూసి చూసి విసుగొచ్చింది. అన్నిట్లో అవే డ్రోన్ షాట్లు, అదే గుండెలదిరే మ్యూజిక్. అసలు ఆ దారిలో వెళ్లినవాళ్లు, బండి నడిపినవాళ్లు, రైల్వేలో పనిచేసినవాళ్లు ఉంటే చెప్పండి. లోయ చూస్తే ఎవరికైనా కళ్లు తిరుగుతాయి, అది వదిలేయండి. అక్కడ మనుషుల్ని అసలు చంపేది ఏంటి?

సైకిల్_సుధ
బొలీవియాలో యుంగాస్ రోడ్డు సైకిల్ మీద దిగాను. లా కుంబ్రే కనుమ దగ్గర దాదాపు 4,650 మీటర్ల ఎత్తులో మొదలుపెడితే కింద 1,200 మీటర్ల దాకా దాదాపు అంతా దిగుడే. పైన చలికి వేళ్లు కొంకర్లు పోతాయి, కిందికొచ్చేసరికి ఒళ్లంతా చెమట. 1930ల్లో బొలీవియా, పరాగ్వేల మధ్య జరిగిన చాకో యుద్ధంలో పట్టుబడిన పరాగ్వే సైనికులతో తవ్వించిన దారి అది. చాలాచోట్ల ఒక లారీ పట్టేంత వెడల్పే, అంచున గోడా లేదు, రెయిలింగూ లేదు. 1983 జులైలో బస్సు లోయలో పడి 100 మందికి పైగా పోయారు, 1995లో ఇంటర్ అమెరికన్ డెవలప్‌మెంట్ బ్యాంకు దీన్ని ప్రపంచంలోనే అత్యంత ప్రమాదకరమైన రోడ్డు అంది.

నాకు బాగా నచ్చింది అక్కడి ట్రాఫిక్ రూలు. దేశమంతా కుడివైపు నడిపితే ఈ ఒక్క దారిలో ఎడమవైపు నడపాలి. దిగే బండి లోయవైపు, ఎక్కే బండి కొండవైపు. స్టీరింగ్ ఎడమపక్కనే ఉంటుంది కాబట్టి దిగే డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి చక్రం అంచుకి ఎంత దూరంలో ఉందో తనే చూసుకోగలడు. దారి ఎక్కే బండిదే, అవసరమైతే దిగేవాడే వెనక్కి తీసుకోవాలి. 2006లో కొత్త రోడ్డు వచ్చాక లారీలు, బస్సులు అటు వెళ్లిపోయాయి. ఇప్పుడు పాత దారిలో ఎక్కువగా మాలాంటి సైకిల్ వాళ్లే. కంకర మీద ముందు బ్రేకు గట్టిగా పట్టినవాడికే ముప్పు.

రాము_రైడర్
సుధ గారూ, అయితే కుడి స్టీరింగ్ బండితో అక్కడ దిగితే రూలంతా తలకిందులేనా?

సైకిల్_సుధ
అంతే మరి! అంచు కనిపించదు, పక్కసీటు వాళ్లు చూసి చెప్పాలి. వాళ్ల మీద ఎంత నమ్మకముందో అప్పుడు తెలుస్తుంది :)

లోకో_రిటైర్డ్
రైల్వే సంగతి నేను చెబుతాను. లోకో పైలట్‌గా ఘాట్ సెక్షన్లలో పనిచేశాను. ముంబై-పుణె లైన్లో ఉండే బోర్ ఘాట్‌లో వాలు 37కి 1, అంటే 37 మీటర్లు ముందుకెళ్తే ఒక మీటరు ఎత్తు మారుతుంది. చూడ్డానికి ఏముంది అనిపిస్తుంది, రైలుకి అది చాలా ఎక్కువ. ఎక్కేటప్పుడు పెద్ద టెన్షన్ ఉండదు, వెనక బ్యాంకర్ ఇంజన్లు తోస్తాయి. కష్టమంతా దిగడంలోనే. దిగే ముందు బండి ఆపి బ్రేకులు పరీక్షిస్తారు. వేగం ఒక్కసారి చేయి దాటిందా, వేల టన్నుల్ని మళ్లీ అదుపులోకి తేవడం మానవమాత్రుడి వల్ల కాదు. అందుకే దారిలో క్యాచ్ సైడింగులు ఉంటాయి. పాయింట్లు, అంటే బండిని ఒక పట్టా నుంచి ఇంకో పట్టాకి మళ్లించేవి, మామూలుగా ఆ ఎత్తుకెక్కే సైడింగు వైపే పెట్టి ఉంటాయి, బండి అదుపులోనే ఉంది, ఆగింది అని తేలాకే మెయిన్ లైన్ ఇస్తారు. అదుపు తప్పినది నేరుగా సైడింగులోకి ఎక్కి ఆగుతుంది.

ఇవన్నీ ఊరికే పుట్టిన జాగ్రత్తలు కావు. 1917 డిసెంబరులో ఫ్రాన్స్‌లో మోదాన్ నుంచి కిందికి సెలవు మీద ఇళ్లకెళ్తున్న సైనికుల రైలు కథ చదవండి. 19 పెట్టెలు, ఎయిర్ బ్రేకు పనిచేసేది మొదటి మూడింటికే. డ్రైవరు కుదరదన్నాడు, పైఅధికారి పంపించాడు. బండి వాలు మీద అదుపు లేకుండా దూసుకుపోయి పట్టాలు తప్పి తగలబడింది. 600 మందికి పైగా చనిపోయారు. ఆ వాలు మీద రోజూ రైళ్లు తిరిగేవి, లైన్‌ది తప్పు కాదు.

నిప్పురవ్వ
అంకుల్, "ఎక్కేటప్పుడు టెన్షన్ లేదు" అన్నది డీజిల్, కరెంటు ఇంజన్లకి సరే. 1944 మార్చిలో ఇటలీలో బల్వానో దగ్గర ఆవిరి ఇంజన్ల రైలు సొరంగంలో ఎక్కలేక ఆగిపోయింది. పట్టాలు తడిగా ఉన్నాయి, యుద్ధకాలం బొగ్గు నాసిరకం, బండి మీద లెక్కకు మించి జనం. కార్బన్ మోనాక్సైడ్ కమ్మేసి 500 మందికి పైగా కూర్చున్నచోటే చనిపోయారు. పట్టాలు తప్పలేదు, దేన్నీ గుద్దుకోలేదు.

లోకో_రిటైర్డ్
నిజమే బాబూ, ఒప్పుకుంటున్నాను. ఆవిరి రోజుల్లో సొరంగం అంటే సిబ్బందికే ముందు ముప్పు.

కొండదారి_కిరణ్
మరి స్విట్జర్లాండ్‌లో పిలాటస్ రైలు సంగతేంటి అంకుల్? వాలు 48 శాతమట, ఫోటో చూస్తేనే కడుపులో తిప్పింది.

లోకో_రిటైర్డ్
ఆ లిస్టుల్లో అది ఎందుకుంటుందో నాకైతే అర్థం కాదు. 1889 నుంచి నడుస్తోంది. ఇలాంటి రైళ్లు పళ్లున్న పట్టాని పళ్లచక్రంతో పట్టుకుని ఎక్కుతాయి. అంత వాలులో మామూలు పళ్ల పట్టా పెడితే పళ్లచక్రం పైకెక్కి జారిపోవచ్చని ఎడ్వర్డ్ లోహర్ అనే ఇంజనీరు పళ్లను పట్టాకి రెండు పక్కలా అడ్డంగా పెట్టాడు, రెండు చక్రాలు అటూ ఇటూ పట్టుకుంటాయి. చూడ్డానికి భయం, లోపల మాత్రం గట్టి పని.

మేఘన_ఎం
టిబెట్‌లో లాసా వెళ్లే రైలెక్కాను నేను. 2006లో మొదలైన లైన్, తంగులా కనుమ దగ్గర 5,072 మీటర్లు. కిటికీలోంచి చూస్తే అంతా బల్లపరుపు మైదానమే, లోయా లేదు ఏమీ లేదు, కానీ తల పగిలిపోతుంటే నిద్రే పట్టలేదు. పెట్టెలోకి ఆక్సిజన్ వదులుతారు, ఎక్కువ కావాలంటే ముక్కుకి పెట్టుకునే గొట్టం ఇస్తారు. పట్టాల పక్కన వరసగా లోహపు గొట్టాలు పాతి ఉంటాయి. కింద నేల ఏడాది పొడవునా గడ్డకట్టి ఉంటుంది, అది కరిగితే లైన్ కుంగిపోతుంది కాబట్టి ఆ గొట్టాల్లో అమ్మోనియాతో నేలలోని వేడిని బయటికి లాగేస్తారు. అక్కడ అపాయం మనకి కనిపించదు, ఇంజనీర్లకి కనిపిస్తుంది.

రాము_రైడర్
ఫ్రాన్స్‌లో నువార్‌మూటియే దీవికి వెళ్లే పాసాజ్ దు గ్వా ఎవరూ చెప్పలేదేంటి? నాలుగు కిలోమీటర్ల పైచిలుకు రోడ్డు, రోజుకి రెండుసార్లు సముద్రం కిందికి వెళ్లిపోతుంది. వేళలు బోర్డు మీద రాసే ఉంటాయి, అయినా ఇంకో పది నిమిషాలుంటే ఏమవుతుందిలే అనుకునేవాళ్లు ఉంటారు కాబట్టి దారి పొడవునా ఎక్కి కూర్చోడానికి స్తంభాలు కట్టారు. బండి మాత్రం సముద్రానికే.

సూటిగా_శీను
బ్రో, ఇదంతా హైప్. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో రోడ్డు ప్రమాదాల్లో 11.9 లక్షల మంది చనిపోయారు. వాళ్లలో ఎంతమంది ఇలాంటి రోడ్ల మీద పోయి ఉంటారు? మామూలు రోడ్ల మీద, స్పీడు మీద, తాగి, నిద్రమత్తులో పోయినవాళ్లే ఎక్కువ. కొండ అంచున ఎవడైనా ఒళ్లు దగ్గర పెట్టుకునే నడుపుతాడు.

నిప్పురవ్వ
సగమే ఒప్పుకుంటా శీనూ. ఇలాంటి దారుల్లో తిరిగే బండ్లే తక్కువ, చావులు కూడా లెక్కలో తక్కువే కనిపిస్తాయి. పైగా అందరికీ అది టూరు కాదు. అఫ్గానిస్తాన్‌లో సలాంగ్ సొరంగం చూడు, 1964లో సోవియట్లు కట్టారు, 3,000 మీటర్లకు పైన ఎత్తు. కాబూల్ నుంచి ఉత్తరానికి సరుకంతా వెళ్లే ముఖ్యమైన దారి అది. 1982లో లోపల మంటలు, పొగ. 2010లో మంచు చరియలు పడి 150 మందికి పైగా పోయారు. మరుసటి వారం లారీలు మళ్లీ ఎక్కాల్సిందే, వాళ్లకి వేరే దారి ఏది?

సూటిగా_శీను
అది కరెక్టే. నేను వీడియోల కోసం వెళ్లేవాళ్ల గురించి అన్నా.

మేఘన_ఎం
శీను గారు చెప్పిన నిద్రమత్తు అలాస్కాలో డాల్టన్ హైవే మీద చూశాను, నడిపింది మావారు. 666 కిలోమీటర్లు, చాలా భాగం కంకరే. కోల్డ్‌ఫుట్ దాటాక దాదాపు 385 కిలోమీటర్లు పెట్రోలు బంకు ఉండదు. వానొస్తే దుమ్ము అణచడానికి చల్లే ఉప్పు తడిసి రోడ్డు జారుతుంది. ఎదురుగా లారీ కనిపిస్తే స్లో చేసి పక్కకి జరగాలి, లేదంటే దాని చక్రాల కింది రాళ్లకి అద్దం పగులుతుంది. అద్దెకార్ల కంపెనీలు చాలావరకు ఆ రోడ్డుకి ఒప్పుకోవు, ముందే అడగండి.

కొండదారి_కిరణ్
సూపర్. ఇంకో ప్రశ్న, ఆటోమేటిక్ కారుతో పెద్ద ఘాట్ దిగాల్సి వస్తే? గేరు లేదు కదా.

లోకో_రిటైర్డ్
ఎందుకు లేదు? ఎల్ అనో, మాన్యువల్ మోడ్ అనో ఉంటుంది, దిగడం మొదలవకముందే అందులో వేసేయ్. ఏ గేరులో ఎక్కాలో ఆ గేరులోనే దిగాలి. బ్రేకు మీద కాలు అదేపనిగా ఆనించి ఉంచకు, గట్టిగా నొక్కి వేగం తగ్గించి వదిలేయ్. కాలిన వాసన వస్తే చోటు చూసి ఆపి చల్లారనివ్వు, ఎవరు చెప్పినా నీళ్లు మాత్రం పోయకు, ఎర్రగా కాలిన డిస్కు పగలొచ్చు. న్యూట్రల్‌లో దిగి పెట్రోలు మిగుల్చుకుందామనే మహానుభావులు ఇక్కడ ఎవరైనా ఉంటే నాకు విడిగా మెసేజ్ పెట్టండి, తీరిగ్గా తిడతాను.