కొర్రన్నమా, వరన్నమా? షుగర్ ఉన్న ఇంట్లో ఏ కుండ పొయ్యి మీద పెట్టాలి

మాగుంట_నడక (నెల్లూరు):
మా నాయనకు 64. షుగర్ వచ్చి తొమ్మిదేళ్ళు. నిరుడు సంక్రాంతి తర్వాత ఎవరో చెప్పారని అన్నం పూర్తిగా మానేసి కొర్రలు, అండుకొర్రలు, సామలు లాంటి చిరుధాన్యాలు మొదలుపెట్టాడు. మూడు నెలల షుగర్ సగటు (హెచ్‌బీఏ1సీ పరీక్ష) 8.9 ఉండేది, 7.6కి దిగింది. ఇక చూడండి, ఇంటికొచ్చిన ప్రతి మనిషికీ అదే ఉపన్యాసం, బియ్యం విషం అంటాడు, పెళ్ళికి పోయినా డబ్బాలో కొర్రన్నం పెట్టుకొని పోతాడు. అమ్మ వరి పండే కోవూరు తాలూకాలో పుట్టిన మనిషి, "ముప్పై ఎనిమిదేళ్ళు నేను వండిపెట్టింది విషమా" అని రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఇప్పుడు ఆమెకూ బార్డర్‌లో ఉందన్నారు, కానీ అన్నం మాననంటుంది. నిజంగా మానితేనే తగ్గుతుందా, ఇదంతా ప్రచారమా? వాట్సాప్ వీడియోలు మాత్రం పంపొద్దు, దణ్ణం పెడతా.

పెన్నాడెల్టా (కోవూరు వైపు):
నేను వరి రైతును, కాబట్టి పక్షపాతం అనుకుంటే అనుకోండి. మా తాత మొలగొలుకులు (మా నెల్లూరు పాత వరి రకం) పండించాడు, పొద్దున చద్దన్నం, మధ్యాహ్నం అన్నం, రాత్రి అన్నం తిని ఎనభై రెండేళ్ళు బతికాడు, షుగర్ అనే మాటే ఆయన చెవిన పడలేదు. 2023ని చిరుధాన్యాల సంవత్సరం అని ఐక్యరాజ్యసమితి ప్రకటించినప్పటి నుంచి బియ్యాన్ని తిట్టడం ఫ్యాషనైపోయింది. టౌన్లో ఓ ఆర్గానిక్ షాపులో కొర్రలు మా బియ్యానికి రెండింతల రేటు, చూస్తే తళతళ మెరుస్తుండాయి, అంటే వాటికీ పాలిష్ పట్టారు. ఇంతకీ మీ నాయన అన్నం ఒక్కటే మానాడా? సాయంత్రం బజ్జీలు మానలేదా, నడక మొదలుపెట్టలేదా, మాత్రలు మార్చలేదా? అవి చెప్పకుండా అన్నం మీద తోస్తే ఎట్లా?

మెట్టపొలం (ఉదయగిరి):
అన్నా, మీ తాత రోజుకు ఎంత దూరం నడిచాడో, ఎన్ని మూటలు మోశాడో కూడా చెప్పు. ఇప్పుడు దున్నేది ట్రాక్టరు, కోసేది మిషను, నువ్వు బండి మీద పోయి గట్టు మీద నిలబడి ఫోన్ చూసుకొని వస్తావు (కోపం వద్దు, నేనూ అంతే). పైగా ఆ రోజుల్లో రక్తపరీక్ష ఎవరు చేయించారు? లేదని తెలియడం వేరు, తెలియకపోవడం వేరు.

మా వైపు అన్నం పండగ తిండి. మామూలు రోజుల్లో సజ్జ సంగటి, జొన్న సంగటి, వరిగన్నం. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చినాక ఇళ్ళల్లో సంగటి కుండలు మూలకు పోయినాయి. ఆకలి తీరింది, కాదనను, ఆ బియ్యం లేకపోతే కరువు రోజుల్లో మా అమ్మ పస్తులు ఉండేది. కానీ మాకు అలవాటైన తిండి ఒక్క తరంలో మాయమైంది. ఇప్పుడు మా ఊళ్ళో నలభై ఏళ్ళకే మాత్రలు.

ఒంగోలు_ల్యాబ్:
నేను ప్రజారోగ్యంలో పనిచేస్తాను, డాక్టర్ని కాదు. ఇద్దరి మాటలోనూ సగం సగం ఉంది.

బియ్యం మీద కేసు గట్టిదే. 2020లో వచ్చిన ప్యూర్ అధ్యయనంలో 21 దేశాల్లో 1,32,373 మందిని సగటున తొమ్మిదిన్నరేళ్ళు గమనించారు. రోజుకు 450 గ్రాములు, ఆపైన తెల్లన్నం తినేవాళ్ళకు, 150 గ్రాముల లోపు తినేవాళ్ళకంటే షుగర్ వచ్చే ముప్పు 20 శాతం ఎక్కువ, మన దక్షిణాసియాలో అయితే 61 శాతం ఎక్కువ. అది వండిన అన్నం లెక్క, బియ్యంగా చూస్తే 150 గ్రాములు దాటదు. మన దగ్గర అది ఒక పూట భోజనం! పొద్దున దోసె, ఇడ్లీ, పొంగలి కూడా బియ్యమేనని ఎవరూ కలపరు. అన్నం రెండు పూటలే తింటున్నానని చెప్పేవాళ్ళు నిజానికి మూడు పూటలూ తింటున్నారు.

కొర్రల వైపూ ఆధారం ఉంది. ఇక్రిశాట్ (హైదరాబాద్ దగ్గరున్న మెట్టపంటల పరిశోధన సంస్థ) వాళ్ళు 2021లో 65 అధ్యయనాలు కలిపి చూశారు, చిరుధాన్యాలు ఎక్కువ కాలం తిన్నవాళ్ళకు పరగడుపు షుగర్ 12 శాతం, తిన్న తర్వాతది 15 శాతం తగ్గింది.

అయితే 2025లో ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) వాళ్ళ ఇండియాబ్ అనే షుగర్ సర్వే నుంచి ఇంకో లెక్క వచ్చింది, దేశమంతటా లక్షా ఇరవై వేల మందికి పైగా పెద్దవాళ్ళ తిండి మీద. మనవాళ్ళకు తిండి నుంచి వచ్చే శక్తిలో 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తోంది. బియ్యం తీసి అంతే మోతాదులో గోధుమపిండో చిరుధాన్యాల పిండో పెట్టినంత మాత్రాన ముప్పు తగ్గినట్టు కనబడలేదు. పిండిపదార్థాల్లో కొంత తీసి ఆ చోటులో పప్పో పెరుగో పెడితే తగ్గినట్టు కనబడింది. కేలరీల్లో కూడా నూరు గ్రాముల బియ్యానికీ సజ్జలకూ పెద్ద తేడా లేదు, రెండూ 350 దగ్గరే.

మెట్టపొలం (ఉదయగిరి):
ల్యాబ్ గారూ, మీరే రాశారు చూడండి, "పిండి" అని. మేము చెప్పేది గింజ. మర పట్టించి మెత్తటి పిండి చేసి దోసెలు పోసుకుంటే ఏ ధాన్యమైనా తొందరగా అరుగుతుంది. బిస్కట్లకు, నూడుల్స్‌కు మిల్లెట్ అని పేరు పెట్టి అమ్ముతుంటే అవి తిని షుగర్ తగ్గలేదని కొర్రను తిట్టడం న్యాయమా? పైగా అది ఒకసారి అడిగి రాసుకున్న సర్వే. షుగర్ వచ్చినాకే సంగటికి మారినవాళ్ళు మా ఊళ్ళోనే పది మంది ఉంటారు, వాళ్ళను లెక్కేస్తే సంగటి తినేవాళ్ళకే షుగర్ ఎక్కువ అని వచ్చినా రావచ్చు.

ఒంగోలు_ల్యాబ్:
రెండు మాటలూ ఒప్పుకుంటాను. సర్వే కాబట్టి కారణం ఇదేనని తేల్చదు, గింజకూ పిండికీ తేడా ఉంది. కానీ అదే తరాజులో ఇక్రిశాట్ లెక్కనూ పెట్టాలి, అందులో చాలా అధ్యయనాలు చిన్నవి. నా మాట ఒకటే, ధాన్యం పేరు కంటే కుప్ప ఎంతన్నది పెద్ద ప్రశ్న.

ఇంకోటి, మాత్రలు గానీ ఇన్సులిన్ గానీ వాడుతున్నవాళ్ళు ఎవరో చెప్పారని ఒక్కసారిగా అన్నం కోసేస్తే షుగర్ పడిపోయి కళ్ళు తిరగొచ్చు. డాక్టర్‌కు చెప్పి మందు సరిచేయించుకోవాలి. మాగుంట గారి నాయన గారు చెప్పారో లేదో మరి.

కనిగిరి_బోరు:
అందరూ సంగటి సంగటి అంటున్నారు, మా వైపు సంగతి ఎవరికీ పట్టదు. దేశంలో ఫ్లోరైడ్ జబ్బు (నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువై ఎముకలు, కీళ్ళు బిగుసుకుపోవడం) మనుషుల్లో ఉందని మొదట రాసింది అప్పటి నెల్లూరు జిల్లా నుంచే, 1937లో. దర్శి, పొదిలి, కనిగిరి అప్పుడు నెల్లూరు కిందే ఉండేవి, 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా (ఇప్పటి ప్రకాశం) చేసినప్పుడు ఇటు వచ్చినాయి. డాక్టర్లకంటే ముందు రైతులకే అనుమానం వచ్చిందట, బయట నుంచి కొనుక్కొచ్చిన మంచి ఎద్దులు కొన్నేళ్ళకే కాళ్ళు బిగుసుకుపోయి కూలబడుతుంటే.

ఆ తర్వాత హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళు 1970ల్లో చూస్తే, జొన్న తిన్నవాళ్ళ ఒంట్లో వరన్నం తిన్నవాళ్ళకంటే ఫ్లోరైడ్ ఎక్కువ నిలిచింది. మా మామ మోకాళ్ళు చూస్తే మీకే తెలుస్తుంది. కాబట్టి మా ఊళ్ళో బోరు నీళ్ళు తాగుతూ జొన్న సంగటి తినమంటే నేను ఒప్పుకోను. ముందు మంచినీళ్ళు ఇవ్వండి, తర్వాత ధాన్యం గురించి మాట్లాడదాం.

మెట్టపొలం (ఉదయగిరి):
ఈ జొన్న సంగతి నాకు తెలియదు అన్నా. కానీ అది జొన్న గురించి. కొర్రకు, సజ్జకు అంటగట్టొద్దు.

కావలి_కోడలు:
ఇంతసేపూ మగవాళ్ళే మాట్లాడుతున్నారు, వండేది ఎవరో ఒక్కరూ అడగలేదు. మా ఇంట్లో మామగారికి కొర్రన్నం, పిల్లలకు అన్నం, మా ఆయనకు చపాతీ, మూడు పొయ్యిలు. కొర్రలు నానబెట్టడం మరిచిపోతే ఆ రోజు నాకు అక్షింతలు.

అసలు విషయానికి వస్తాను. మాగుంట గారూ, మీ అమ్మ కంచంలో ఏముంటుందో ఎప్పుడైనా చూశారా? మా అత్తమ్మ చివర కూర్చుంటుంది. చేపల పులుసు చేసిన రోజు ముక్కలన్నీ మాకు వేసి ఆమెకు మిగిలేది పులుసు, తోక ముక్క. పప్పు అడుగంటింది. ఆకలికి అన్నం ఎక్కువ పెట్టుకొని రసం, ఊరగాయ, మజ్జిగతో కానిస్తుంది. ల్యాబ్ గారు చెప్పిన 62 శాతం మా అత్తమ్మ కంచంలో ఎనభై ఉంటుందేమో! ఆమెకు కొర్రలు పెట్టినా రసంలో కలుపుకొనే తింటుంది. కొర్రల కంటే ముందు ఆమెకు రెండు ముక్కలు, ఒక గుడ్డు మిగలాలి. మేము ఇప్పుడు అందరం ఒకేసారి కూర్చుంటున్నాం, నెత్తళ్ళ కూరైతే గరిటె లెక్కన అందరికీ ఒకేలా వడ్డిస్తున్నా. మొదట్లో ఆమెకు ఇబ్బందిగా ఉండేది, కొడుకు కంచం వైపే చూసేది.

ఒంగోలు_ల్యాబ్:
ఈ చర్చలో ఇదే అసలైన మాట. పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో 2,000 కేలరీల కంచానికి రోజు మొత్తం మీద ధాన్యం 250 గ్రాములు, పప్పులు 85 గ్రాములు, కూరగాయలు ఆకుకూరలు కలిపి 400 గ్రాములు అని రాశారు. ఆ 250లో దోసెపిండి కూడా ఉంది. ఎవరైనా ఒక్క రోజు ఇంట్లో తూకం వేసి చూడండి.

పెన్నాడెల్టా (కోవూరు వైపు):
85 గ్రాముల పప్పు రోజూ అంటే నలుగురున్న ఇంట్లో నెలకు పది కిలోలు. కందిపప్పు రేటు చూసి మాట్లాడు సామీ. రేషన్లో బియ్యం ఇచ్చినంత సులువుగా పప్పు ఇస్తుండారా? నా బియ్యాన్ని తిట్టేముందు అది తేల్చండి. కోవూరు కోడలు కాకపోయినా ఆ కావలి అమ్మాయి చెప్పింది మాత్రం కరెక్టు, మా ఇంట్లో కూడా అంతే, ఇవాళే గమనించాను.

మాగుంట_నడక (నెల్లూరు):
అందరికీ థాంక్స్. నాయనను గట్టిగా అడిగితే అసలు కథ బయటికి వచ్చింది. డాక్టర్ అప్పుడే ఒక మాత్ర పెంచాడట, నడక పొద్దున నలభై నిమిషాలు, పైగా కొర్రన్నం గొంతు దిగక సగమే తింటున్నాడు. పెన్నా అన్న అనుమానం నిజమే, కానీ మా నాయన ఒప్పుకోడు, అంతా కొర్రల మహిమే అంటాడు, అననివ్వండి.

నిన్న అమ్మ బియ్యం కడగబోతుంటే వంటింటి తూకం మీద పెట్టించాను. మధ్యాహ్నానికి నాకూ ఆమెకూ కలిపి 380 గ్రాములు. అమ్మ తూకాన్ని నమ్మలేదు, మిషను పాడైందని చక్కెర ప్యాకెట్ పెట్టి చూసింది. తర్వాత ఏమీ అనకుండా రెండు గుప్పెళ్ళు తీసి డబ్బాలో పోసేసి, ఫ్రిజ్‌లోంచి గుడ్లు తీసింది. మూడు ఉడకబెట్టింది. కొర్రలు మాత్రం ఇప్పటికీ తినదు.

పెన్నాడెల్టా (కోవూరు వైపు):
అమ్మను అడిగానని చెప్పు. మొలగొలుకులు ఈసారి అరెకరంలో వేస్తుండా, పండితే రెండు గుప్పెళ్ళు తక్కువగా ఒక బస్తా పంపిస్తా.