పైథాన్ 3.12 వేసినా ఎఫ్-స్ట్రింగ్‌లో సింటాక్స్ ఎర్రర్ పోవట్లేదు, ఎవరైనా చూడండి ప్లీజ్

మారతహళ్లి_మజ్జిగ | శనివారం రాత్రి 11:40

అన్నలూ అక్కలూ, పొద్దున్నుంచి దీని మీదే కూర్చున్నాను, ఇక బుర్ర పనిచేయట్లేదు.

పైథాన్ 3.12 నుంచి ఎఫ్-స్ట్రింగ్ (కర్లీ బ్రాకెట్లలో రాసిన దాని విలువ నింపుకునే స్ట్రింగ్) బయట డబుల్ కోట్స్ ఉన్నా, లోపల కర్లీ బ్రాకెట్లలో కూడా డబుల్ కోట్సే వాడుకోవచ్చు కదా. ఆ ధైర్యంతో నిన్న సాయంత్రం మా రిపోర్ట్ స్క్రిప్ట్‌లో డిక్షనరీ కీలన్నీ డబుల్ కోట్స్‌లోకి మార్చేశాను. చూడటానికి ఎంత శుభ్రంగా ఉందో! నేను నడిపితే నడుస్తోంది కూడా. తీరా పొద్దున చూస్తే రిపోర్ట్ రాలేదు. లాగ్ తెరిస్తే "సింటాక్స్ ఎర్రర్: ఎఫ్-స్ట్రింగ్: అన్‌మ్యాచ్డ్" అని, పక్కన ఓపెన్ స్క్వేర్ బ్రాకెట్. బ్రాకెట్లు లెక్కపెట్టీ లెక్కపెట్టీ కళ్లు లాగుతున్నాయి. అన్నీ క్లోజ్ అయ్యే ఉన్నాయి!

వెర్షన్ చూశాను, 3.12 అనే వస్తోంది. అయినా అనుమానంతో "3.12 అయితే కొత్త లైను, కాకపోతే పాత లైను" అని ఇఫ్-ఎల్స్ పెట్టాను. ట్రై-ఎక్సెప్ట్‌లో కూడా చుట్టాను. అదే ఎర్రర్. ఆఫీసు కోడ్ కాబట్టి ఇక్కడ పేస్ట్ చేయలేను, ఫోన్‌లో తెలుగులో కొడుతున్నా, కాస్త సర్దుకోండి. సోమవారానికల్లా రిపోర్ట్ వెళ్లకపోతే నా పని అయిపోయినట్టే. ఇది 3.12లో బగ్ అంటారా?

ఒక్కముక్క | 11:52

ఎక్కడ నడుస్తోంది?

పాతకాపు_సి | ఆదివారం 12:10

మజ్జిగ గారూ, ముందు నాకొకటి చెప్పండి. నడుస్తున్న కోడ్‌లో కోట్స్‌ని ఎందుకు కెలికారు? 2016 డిసెంబరులో 3.6తో ఎఫ్-స్ట్రింగ్ వచ్చింది. అప్పట్నుంచి బయట డబుల్, లోపల సింగిల్ రాసుకుంటూ అందరం హాయిగానే ఉన్నాం. చదివేవాడికి ఏ కోట్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో ఇట్టే తెలిసేది. ఇప్పుడు లోపలా బయటా ఒకటే అయితే కంటికి ఆనవాలు ఏది?

ఈ కొత్త సింటాక్స్ మోజు ఎక్కడిదాకా వెళ్లిందో 2018లోనే చూశాం. ఒక కోలన్, పక్కన ఈక్వల్ గుర్తు. అదే వాల్రస్, విలువని పేరులో వేస్తూనే వాడుకునే గుర్తు. దాని మీద జరిగిన రభసకి విసిగిపోయి ఆ జులైలో పైథాన్ పుట్టించిన గైడో వాన్ రోసమ్ అంతటివాడు పైథాన్ పెద్దరికం వదులుకున్నాడు. ఆ తర్వాత 2021లో 3.10 వచ్చింది. ఏళ్ల తరబడి స్విచ్ అడిగితే మ్యాచ్ అని ఏదో చేతిలో పెట్టారు. పాత ఇఫ్-ఎలిఫ్‌కి ఏం రోగం?

కేస్_అండర్‌స్కోర్ | 12:21

@పాతకాపు_సి మ్యాచ్‌ని స్విచ్ అనుకుని వాడేవాళ్లే దాన్ని తిడతారు సార్. స్విచ్ అయితే విలువ సరిపోయిందా లేదా అన్నంతే. మ్యాచ్ ఆకారం చూస్తుంది: రెండు ముక్కల లిస్టా, ఫలానా కీ ఉన్న డిక్షనరీయా అని చూసి, లోపలి ముక్కల్ని విడదీసి పేర్లు కూడా పెట్టేస్తుంది. సి అలవాటుతో కేస్ పక్కన ఉత్త పేరు రాస్తే అది పోల్చదు, వచ్చిందాన్ని ఆ పేరులో వేసుకుంటుంది. చుక్క ఉన్న పేరు రాస్తేనే పోలుస్తుంది. ఇది తెలియక మా టీంలో ఒక పూట పోయింది.

మారతహళ్లి_మజ్జిగ | 12:25

అందరికీ దండం, నా స్క్రిప్ట్‌లో మ్యాచ్ లేదు, వాల్రస్ లేదు. కోట్స్ అంతే.

@ఒక్కముక్క ఎక్కడ అంటే? పైథాన్‌లోనే అన్నా.

కడప_కోడర్ | 12:31

తమ్ముడూ, ఫైల్ మొట్టమొదటి లైన్‌లో సిస్ డాట్ వెర్షన్, సిస్ డాట్ ఎగ్జిక్యూటబుల్ రెండూ ప్రింట్ కొట్టు. ఏ పైథాన్ నడుస్తోందో యాడున్నా దొరికిపోతుంది.

మారతహళ్లి_మజ్జిగ | 12:48

తమ్ముడు కాదన్నా, చెల్లిని. పెట్టాను. టెర్మినల్‌లో 3.12 అని చక్కగా వస్తోంది. టైం ముందుకు జరిపి ఇంకోసారి నడిచేలా పెట్టాను, అక్కడ మాత్రం ప్రింటే రాలేదు. సరాసరి అదే ఎర్రర్. మొదటి లైనే నడవకుండా ఇరవయ్యో లైన్‌లో ఎర్రర్ ఎలా వస్తుంది?!

ఒక్కముక్క | 12:50

ప్రింట్ రాదు. సింటాక్స్ ఎర్రర్ కదా.

పర్పుల్_లైన్ | 1:05

అందులోనే జవాబు ఉందండి, కొంచెం విడమర్చి చెప్తా.

పైథాన్ ఒక్కో లైనూ చదువుతూ ఒక్కో లైనూ నడిపేయదు. ముందు ఫైల్ మొత్తం చదివి బైట్‌కోడ్‌గా (పైథాన్ తను నడపడానికి మార్చుకునే మధ్యరకం కోడ్) కంపైల్ చేస్తుంది, ఆ తర్వాతే మొదటి లైను నడుస్తుంది. చదవడంలోనే ఆగిపోతే మీ ప్రింట్ దాకా రానే రాదు. మీ ఇఫ్-ఎల్స్, ట్రై-ఎక్సెప్ట్ పనిచేయకపోవడానికీ కారణం ఇదే. హాల్ టికెట్ దగ్గరే ఆపేస్తే పేపర్లో ఛాయిస్ ఉందా లేదా అన్న మాటే రాదు కదా. నిజంగా రెండు వెర్షన్లకీ రెండు రకాలుగా రాయాలంటే కొత్త సింటాక్స్ ఉన్న భాగాన్ని వేరే ఫైల్‌లో పెట్టి, వెర్షన్ చూశాక ఇంపోర్ట్ చేయాలి. మీకు అంత అవసరం లేదు.

ఇక ఆ బ్రాకెట్ సంగతి. 3.11 వరకూ ఎఫ్-స్ట్రింగ్‌ని ముందు మామూలు స్ట్రింగ్ లాగే పట్టుకునేవారు. అంటే బయటి డబుల్ కోట్ తర్వాత ఇంకో డబుల్ కోట్ కనబడితే చాలు, స్ట్రింగ్ అక్కడితో ముగిసినట్టే. మీరు డిక్షనరీ పేరు, స్క్వేర్ బ్రాకెట్, డబుల్ కోట్ రాశారు. ఆ కోట్ దగ్గరే దాని దృష్టిలో స్ట్రింగ్ అయిపోయింది, లోపల బ్రాకెట్ తెరిచే ఉండిపోయింది. అందుకే "అన్‌మ్యాచ్డ్". మీ బ్రాకెట్లు సరిగ్గానే ఉన్నాయి, చదివేవాడు పాతవాడు. 3.9లో పార్సర్ మారింది, దాని పుణ్యమా అని 3.12లో పెప్ 701 (పెప్ అంటే పైథాన్ మార్పుల ప్రతిపాదన) తో ఎఫ్-స్ట్రింగ్ లోపలి భాగం కూడా అసలు గ్రామర్‌లోకి వచ్చింది. లోపల బ్యాక్‌స్లాష్, కామెంట్, అవే కోట్స్ అన్నీ కుదిరింది అప్పట్నుంచే.

కాబట్టి ఈ ఎర్రర్ 3.12 ఇచ్చింది కాదు, బగ్ అసలే కాదు. "టైం ముందుకు జరిపి" అన్నారు. అంటే క్రానా (చెప్పిన టైంకి స్క్రిప్ట్‌ని దానంతటదే నడిపేది)?

పాతకాపు_సి | 1:11

పైథాన్ ఇంటర్‌ప్రెటెడ్ భాష. కంపైల్ అన్న మాట ఇక్కడెందుకు వచ్చింది? కంపైల్ అంటే మెషీన్ కోడ్ రావాలి. పిల్లల్ని తికమక పెట్టకండి.

ఒక్కముక్క | 1:13

మీ పైక్యాష్ ఫోల్డర్‌లో ఉన్నవేంటి?

పాతకాపు_సి | 1:19

బైట్‌కోడ్ మెషీన్ కోడ్ కాదు. జావా వాళ్లూ ఇదే వాదిస్తారు.

కేస్_అండర్‌స్కోర్ | 1:22

పైథాన్‌లో కంపైల్ అనే ఫంక్షనే ఉంది సార్, బిల్ట్-ఇన్. వాళ్లే ఆ పేరు పెట్టుకున్నాక మనకేంటి?

మారతహళ్లి_మజ్జిగ | 1:30

@పర్పుల్_లైన్ అవునండీ, సర్వర్‌లో క్రాన్. రాత్రి 2 గంటలకి నడుస్తుంది. చెప్పలేదా? రిపోర్ట్ స్క్రిప్ట్ అంటే ఎవరైనా క్రాన్‌లోనే పెడతారు కదా. ఉబుంటు 22.04. ఆ సర్వర్‌లోనే డెడ్‌స్నేక్స్ (ఉబుంటుకి వేరే పైథాన్ వెర్షన్లు ఇచ్చే చోటు) నుంచి 3.12 వేసి, బాష్‌ఆర్‌సీలో (టెర్మినల్ తెరవగానే చదివే ఫైల్) పైథాన్3 అంటే 3.12 అని ఏలియాస్ పెట్టాను. అదే సర్వర్‌లో టెర్మినల్ తెరిచి చూస్తే 3.12 అంటోంది మరి.

ఒక్కముక్క | 1:32

క్రాన్ బాష్‌ఆర్‌సీ చదవదు.

పర్పుల్_లైన్ | 1:44

అంతే. ఏలియాస్ మీ టెర్మినల్‌కే పరిమితం. క్రాన్ మామూలుగా స్లాష్ బిన్ స్లాష్ ఎస్‌హెచ్‌తో నడుపుతుంది, పాత్‌లో (కమాండ్ల కోసం వెతికే ఫోల్డర్ల జాబితా) కూడా యూఎస్ఆర్ బిన్, బిన్ తప్ప పెద్దగా ఏం ఉండదు. 22.04లో యూఎస్ఆర్ బిన్‌లోని పైథాన్3 అంటే 3.10. మీరు 3.12 వేసినా అది కదలదు, పక్కన పైథాన్3.12 అని ఇంకోటి చేరుతుందంతే.

పైథాన్3.12తో కొత్త వెన్వ్ (ఈ స్క్రిప్ట్‌కే విడిగా పైథాన్, ప్యాకేజీలు ఉండే ఫోల్డర్) ఒకటి చేసి, కావలసిన ప్యాకేజీలు అందులో వేయండి. 3.10కి వేసినవి 3.12కి కనబడవు, ఏవైనా మళ్లీ వేయాల్సిందే. పాత వెన్వ్ ఉంటే దాన్ని వాడొద్దు, ఏ పైథాన్‌తో చేస్తే దానికే అంటిపెట్టుకుని ఉంటుంది. తర్వాత క్రాన్‌టాబ్ లైన్‌లో ఉత్త పైథాన్3 తీసేసి, ఆ వెన్వ్‌లోని బిన్ ఫోల్డర్‌లో ఉన్న పైథాన్ పూర్తి పాత్ రాయండి. యాక్టివేట్ గొడవ అక్కర్లేదు.

ఇంకోసారి ఇలా అనుమానం వస్తే ఫైల్‌లో ప్రింట్ కాకుండా, క్రాన్ లైన్‌లోనే హైఫన్ హైఫన్ వెర్షన్ పెట్టి లాగ్‌లోకి పంపండి. పాత వెర్షన్ ఈ ఫైల్‌ని మింగుతుందా లేదా తెలియాలంటే ఆ పైథాన్‌కి హైఫన్ ఎం, పై_కంపైల్, ఫైల్ పేరు ఇస్తే చాలు, నడపకుండానే చెప్తుంది.

కడప_కోడర్ | 1:50

ఇంత తతంగం ఎందుకు? యూఎస్ఆర్ బిన్‌లో పైథాన్3 లింకును 3.12 వైపు తిప్పేస్తే సరి. ఒక్క కమాండ్.

ఒక్కముక్క | 1:51

వద్దు.

పాతకాపు_సి | 1:58

ఈ ఒక్క విషయంలో ముక్క గారితో ఏకీభవిస్తున్నాను. ఆ పైథాన్3 మనది కాదు, ఉబుంటుది. ఆప్ట్ (ఉబుంటులో ప్యాకేజీలు వేసేది) చుట్టూ ఉన్న టూల్స్ కొన్ని దాని మీదే నడుస్తాయి, వాటి మాడ్యూల్స్ 3.10కి బిల్డ్ చేసినవి. లింక్ తిప్పాక కమాండ్ పేరు ఒకటి తప్పు కొట్టి చూడు బాబూ, "ఆప్ట్_పీకేజీ మాడ్యూల్ లేదు" అని ఎర్రర్ మీద ఎర్రర్ వస్తుంది. సర్వర్‌లో అలాంటి ఆటలాడకూడదు.

కడప_కోడర్ | 2:03

నా ల్యాప్‌టాప్‌లో బాగానే ఉంది మరి.

మారతహళ్లి_మజ్జిగ | ఆదివారం ఉదయం 10:15

కొత్త వెన్వ్ చేశాను, క్రాన్‌లో పాత్ మార్చాను. కోట్స్ ఎర్రర్ పోయింది!! కానీ ఇప్పుడు "డిస్ట్‌యుటిల్స్ అనే మాడ్యూల్ లేదు" అంటోంది. నేను ఎక్కడా దాన్ని ఇంపోర్ట్ చేయలేదు, ఒట్టు.

ఒక్కముక్క | 10:20

పైథాన్‌తోనే వచ్చే మాడ్యూల్, 3.12లో తీసేశారు. మీ ప్యాకేజీల్లో ఏదో పాతది వాడుతోంది. దాన్ని అప్‌డేట్ చేయండి. కుదరకపోతే వెన్వ్‌లో సెటప్‌టూల్స్ వేయండి.

పర్పుల్_లైన్ | 10:34

ముక్క గారు ఇంత పెద్ద పోస్ట్ రాయడం ఇదే మొదటిసారి అనుకుంటా. సెటప్‌టూల్స్‌లో డిస్ట్‌యుటిల్స్ కాపీ ఒకటి ఉంటుంది, దానితో గడుస్తుంది. ఇంతకుముందు వెన్వ్ చేస్తే అది దానంతటదే వచ్చేది, 3.12 నుంచి రావట్లేదు. ట్రేస్‌బ్యాక్‌లో కింది నుంచి పైకి చదివితే ఏ ప్యాకేజీయో దొరుకుతుంది.

మారతహళ్లి_మజ్జిగ | 11:20

వచ్చేసింది రిపోర్ట్. థాంక్స్ అండీ అందరికీ. టిఫిన్ చేసి పడుకుంటా.

పాతకాపు_సి | 11:41

ఆ కోట్స్ మళ్లీ సింగిల్‌కి మార్చి ఉంటే 3.10లోనే నడిచేది, వెన్వ్ అక్కర్లేదు, సెటప్‌టూల్స్ అక్కర్లేదు. ఎవరూ ఆ మాట అనరు.

కేస్_అండర్‌స్కోర్ | 12:02

3.10కి కూడా ఏదో ఒకరోజు సపోర్ట్ ఆగుతుంది కదా సార్, ఎప్పటికైనా మారాల్సిందే. అన్నట్టు రాత్రి ఒకటి చెప్పడం మర్చిపోయా. మీరు తిట్టిన ఆ మ్యాచ్ ఉంది చూశారా, ఆ పెప్ 634 రాసిన ఇద్దరిలో ఒకరు గైడో గారే.

పాతకాపు_సి | 12:09

పెద్దరికం వదిలేశాక రాసింది కదా, అది లెక్కలోకి రాదు.

కేస్_అండర్‌స్కోర్ | 12:11

భలేవారే! లెక్కలోకి రాకపోవడమేంటి సార్?