పర్యావరణ లెక్కలకు శిక్షణ పొందిన మనిషి మధ్యతరహా కంపెనీకి అవసరమా?

ప్రశ్న

మాది హైదరాబాద్ శివార్లలో మందుల ముడిపదార్థాలు తయారుచేసే మధ్యతరహా కర్మాగారం. మేము స్టాక్ మార్కెట్‌లో నమోదు కాలేదు కనుక, మొదటి 1,000 లిస్టెడ్ కంపెనీలకు మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2022-23 నుంచి తప్పనిసరి చేసిన బిఆర్‌ఎస్‌ఆర్ (వ్యాపార బాధ్యత, సుస్థిరత) నివేదిక మాకు వర్తించదు. అయితే మా సరుకు కొనే పెద్ద కంపెనీ ఒకటి కర్బన ఉద్గారాలు, నీటి వాడకం, వ్యర్థాల వివరాలు కోరుతూ సుదీర్ఘమైన ప్రశ్నావళి పంపింది. భద్రతా విభాగం వారు సగం నింపి అకౌంట్స్‌కు పంపగా, వారు తమకు సంబంధం లేదంటూ నా బల్ల మీదకు తోశారు. ఈ పనికి ప్రత్యేకంగా శిక్షణ పొందినవారిని నియమించుకోవాలా, లేక ఏడాదికొకసారి కన్సల్టెంట్‌ను పిలిస్తే సరిపోతుందా?

జవాబు: ఎనర్జీ ఆడిటర్

కన్సల్టెంట్ మీరు ఇచ్చిన అంకెలనే కూడి ఇస్తారు. ఆ అంకెలు సరైనవో కావో చూసేవారు లోపలే ఉండాలి. మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ హెచ్‌టీ (హైటెన్షన్) కరెంటు బిల్లు కేవీఏహెచ్ (లైన్ మీద పడిన మొత్తం భారం) లెక్కన వస్తుంది, ఉద్గారాల లెక్కకు కావలసింది కేడబ్ల్యూహెచ్ (నిజంగా వాడుకున్న కరెంటు). బిల్లులో రెండూ ఉంటాయి, కానీ డబ్బు కట్టే అంకె మొదటిది కాబట్టి అకౌంట్స్ వారు దానినే రాసి పంపుతారు. పవర్ ఫ్యాక్టర్ (మొదటి అంకెలో రెండోది ఎంత వంతో చెప్పే నిష్పత్తి) 0.95 ఉన్నచోట అక్కడే దాదాపు 5 శాతం తేడా వస్తుంది.

అంతకంటే పెద్ద లోపం చిల్లర్ల (చల్లబరిచే యంత్రాల) దగ్గర దొరుకుతుంది. జనరేటర్ డీజిల్‌ను లీటర్లతో సహా రాసుకునే కర్మాగారాలు, చిల్లర్‌లో నింపిన గ్యాస్‌ను మరమ్మతు ఖర్చు కింద వేసి మరచిపోతాయి. చిల్లర్లలో వాడే ఆర్-134ఏ గ్యాస్ ఒక కిలో గాలిలో కలిస్తే, భూతాపానికి సంబంధించి ఏ సూచికను తీసుకున్నారన్న దానిని బట్టి, 1,300 నుంచి 1,500 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. లీకై పోయిన 40 కిలోల గ్యాస్‌ను తిరిగి నింపారంటే, తక్కువలో తక్కువ లెక్కన చూసినా, దాదాపు 19 వేల లీటర్ల డీజిల్ కాల్చినట్లే. ఈ సంగతి తెలిసినవారు మెయింటెనెన్స్ బిల్లులు కూడా తీసి చూస్తారు, తెలియనివారు ప్రశ్నావళిలో ఆ గడికి ఎదురుగా సున్నా వేసి సంతకం పెడతారు.

జవాబు: అకౌంట్స్ ఉద్యోగి

పై జవాబులో చెప్పిన లోపాలు నిజమే, అయితే దానికి కొత్త పదవి ఎందుకని నా అభ్యంతరం. నేను చూసిన రెండు మూడు కంపెనీల్లో సస్టైనబిలిటీ (పర్యావరణ సుస్థిరత) అధికారి హోదాతో వచ్చినవారి ప్రధాన కార్యక్రమం జూన్ 5న మొక్కలు నాటి ఫొటోలు దిగడమే. ఇంధన పొదుపు చట్టం, 2001 కింద పెద్ద ఎత్తున ఇంధనం వాడే నిర్దిష్ట పరిశ్రమలు ఎనర్జీ మేనేజర్‌ను నియమించుకోవాలి, ఆ మేనేజర్ అర్హతకు జాతీయ స్థాయి పరీక్ష ఉంది. సస్టైనబిలిటీ అధికారికి చట్టం అలాంటి అర్హత ఏదీ నిర్ణయించలేదు కనుక, వారాంతపు కోర్సు సర్టిఫికెట్ చూపినవారు కూడా నిపుణులైపోతున్నారు. మీ ప్లాంటును ఎరిగిన ఇంజినీరు ఒకరికి, ఖాతాలు ఎరిగిన ఒకరికి కలిపి శిక్షణ ఇప్పించండి. యాజమాన్యం ముందు ఆ అంకెలకు జవాబు చెప్పేది మాత్రం ఒక్కరే కావాలి. జవాబుదారీ ఇద్దరి మధ్య ఉంటే ఆ కాగితం మళ్లీ మీ బల్ల మీదకే వస్తుంది.

జవాబు: బోల్టుల ఎగుమతిదారు

మాకు ఇది నేరుగా డబ్బుతో ముడిపడిన విషయం. ఐరోపా సమాఖ్య సరిహద్దు కర్బన సుంకం (దిగుమతి సరుకు తయారీలో వెలువడిన ఉద్గారాలపై వేసేది) కింద 2023 అక్టోబరు నుంచి వివరాలు ఇవ్వడం మొదలైంది, 2026 జనవరి 1 నుంచి అసలు భారం వర్తిస్తోంది. ఉక్కు, అల్యూమినియం, సిమెంటు, ఎరువుల వంటి కొన్ని వస్తువులకే ఇది పరిమితం, మందులకు లేదు. మా సొంత లెక్కలు ధ్రువీకరణకు నిలవకపోతే, అక్కడి కొనుగోలుదారు ఉద్గారాలకు సమాఖ్య నిర్ణయించిన విలువలు వాడవలసి వస్తుంది. అవి కావాలనే కొంత ఎక్కువగా పెట్టినవి, కాబట్టి ఆ తేడాను మా ధరలోంచి తగ్గించమంటారు. మా పనిలో ఉద్గారాలలో ఎక్కువ భాగం మేము కొనే తీగ చుట్టలలోనే వస్తుంది. మిల్లు నుంచి ఆ వివరాలు రాబట్టడం లేఖలతో అయ్యే పని కాదు, ఏ పట్టిక అడగాలో తెలిసిన మనిషి ఫోన్ చేస్తేనే వస్తుంది. అందుకే మేము ఒకరిని తీసుకున్నాము, ఆయన జీతం గురించి ఇప్పటి వరకు ఎవరూ ప్రశ్నించలేదు.

ప్రశ్న వేసినవారు

అందరికీ ధన్యవాదాలు. మా యుటిలిటీ (కరెంటు, ఆవిరి, నీటి సరఫరా) విభాగంలోని ఇంజినీరు పేరు ప్రతిపాదిస్తున్నాను, అంకెలపై సంతకం కూడా ఆయనదే. ఒక్క సందేహం. మా బాయిలర్‌లో బొగ్గుతో పాటు వరి ఊక దిమ్మెలు కూడా కాలుస్తాము. ఊక పంట నుంచి వచ్చినదే కనుక దాని ఉద్గారాలను సున్నాగా చూపవచ్చా?

జవాబు: ఎనర్జీ ఆడిటర్

చూపకూడదండి. ఊక నుంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్‌ను మొత్తంలో కలపకుండా విడిగా చూపాలి, కానీ దానితో వెలువడే మీథేన్, నైట్రస్ ఆక్సైడ్‌లను మీ నేరుగా వచ్చే ఉద్గారాలలోనే చేర్చాలి. దిమ్మెల తేమ శాతాన్ని కూడా లారీ వచ్చిన రోజే రాయించండి, తడిసిన దిమ్మెల బరువుతో లెక్క వేస్తే అది తప్పుతుంది.