కరీబియన్ దీవి కురసావ్ జమైకాతో ఆడిన ఫుట్‌బాల్ మ్యాచ్ ఎవరైనా చూశారా?

భీమవరం బుల్లోడు:
2025 నవంబర్ 19 పొద్దున్న (జమైకాలో ఇంకా 18 రాత్రే) కాఫీ కూడా తాగకుండా చూశాను. కురసావ్‌కి డ్రా చాలు. జమైకా కొట్టిన బంతి మూడుసార్లు పోస్టుకో బార్‌కో తగిలింది. ఇంజురీ టైమ్‌లో రిఫరీ జమైకాకి పెనాల్టీ ఇచ్చేశాడు! వీడియో చూసి వెనక్కి తీసుకునేదాకా నాకే టెన్షన్. 0-0తో 2026 ప్రపంచ కప్‌కి వెళ్లిపోయారు. జనాభా 1.56 లక్షలట, ఇంచుమించు మా ఊరంత. ఇంతకుముందు ప్రపంచ కప్‌లో జనాభాలో అతి చిన్న దేశమంటే 2018లో ఆడిన ఐస్‌లాండే.

లెఫ్ట్ బ్యాక్:
ఆ రాత్రి కోచ్ డిక్ అడ్వొకాట్ గ్రౌండ్‌లో లేడు, ఇంటి సమస్యతో నెదర్లాండ్స్ వెళ్లాడు. పాపం, అసలు రోజునే. ఇన్నాళ్లూ స్పెల్లింగ్ చూసి నేను కురాకావో అనేవాణ్ని.

మైదానం గట్టు:
2019 కింగ్స్ కప్ గుర్తుందా? థాయ్‌లాండ్‌లో మనల్ని 3-1తో కొట్టింది వీళ్లే. 20 నిమిషాలు కాకముందే రెండు గోల్స్. ఛెత్రీ పెనాల్టీతో ఒకటి ఇస్తే రెండు నిమిషాల్లో లియాండ్రో బకూనా మూడోది వేశాడు. స్టిమాచ్‌కి మన జట్టు కోచ్‌గా అదే మొదటి మ్యాచ్. ఈ దీవి ఎక్కడుందో వెతుక్కుని మరీ తిట్టుకున్నాను. ఇప్పుడు ఆ బకూనానే కెప్టెన్.

తిక్కశంకరయ్య:
అందరూ నెదర్లాండ్స్‌లో పుట్టి పెరిగినవాళ్లే కదండీ. దీన్ని దీవి జట్టు అంటారా?

రాటర్‌డామ్ తెలుగోడు:
అందరూ కాదు, తాహిత్ చోంగ్ పుట్టింది దీవి రాజధాని విల్లెమ్‌స్టాడ్‌లోనే. మిగతావాళ్లకి అమ్మో నాన్నో తాతో అక్కడివాళ్లు, ఫిఫా రూలుకి అది చాలు. కురసావ్ నెదర్లాండ్స్ రాజ్యంలో భాగం, పాస్‌పోర్టు ఒకటే. అందుకే కాగితాల గొడవే లేదు. మా ఆఫీసులో ఒకాయన వాళ్ల అమ్మ దీవి మనిషి. ఆయనది ఇక్కడే పుట్టుక. మర్నాడు నీలం చొక్కా వేసుకొచ్చాడు, గొంతు పోయింది, మాట రాలేదు. ఆయన్ని మీ జట్టేనా అని అడిగే ధైర్యం నాకు లేదు.

మైదానం గట్టు:
మన దగ్గర అలా కుదరదుగా. ఓసీఐ కార్డుంటే (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకి ఇచ్చేది) సరిపోదు, భారత పాస్‌పోర్టే కావాలి. జపాన్‌లో పుట్టిన అరాటా ఇజుమి ఆ దేశం పాస్‌పోర్టు వదులుకున్నాకే మనకి ఆడాడు.

తిక్కశంకరయ్య:
ఓసీఐ వాళ్లొస్తే మాత్రం అయిపోతుందా? 2025 అక్టోబర్‌లో మడ్గావ్‌లో సింగపూర్ చేతిలో 2-1తో ఓడి ఆసియా కప్‌కి వెళ్లే ఛాన్సే పోగొట్టుకున్నాం. ముందు పిల్లలకి గ్రౌండ్లు ఇవ్వమనండి.

భీమవరం బుల్లోడు:
మా ఊళ్లో ఉన్న గ్రౌండ్‌లో పెళ్లి పందిరి వేశారు సార్. మ్యాచ్ గురించి మాట్లాడుకుందాం.